ముసలమ్మ దిగిన మలుపు

“వాడి గొంగళి, వాడి బూట్లు తీసి అరుగు మీద పెట్టు. ఊరి పెద్దల దర్బారు కూర్చునే లోపు వాడు ఈ గడప దాటాలి.”

బాన్‌రాప్ ఆ మాట అనడం ఆ పొద్దున ఇది మూడోసారి. మొదటిసారి పొయ్యిలో నిప్పు ఎగదోస్తూ అన్నాడు. రెండోసారి చూరు మీంచి కారుతున్న వానకేసి చూస్తూ అన్నాడు. ఈసారి మేనకోడలి మొహంలోకి చూసి అన్నాడు.

దఫిషా తలెత్తలేదు. ఒళ్ళో కూర్చున్న రెండేళ్ళ ఇబా నోట్లో అన్నం ముద్ద పెట్టి మూతి తుడిచింది.

“వినపడుతోందా?”

“ఐదు రోజులుగా వినపడుతూనే ఉంది మామా. పిల్ల తింటోంది, కాస్త గొంతు తగ్గించు.”

“నేను తగ్గిస్తే ఊరు తగ్గిస్తుందా? ప్లీనిస్ తగ్గిస్తుందా?”

ప్లీనిస్ పేరు వినగానే, గోడవార కూర్చుని వక్కలు కోస్తున్న దఫిషా తల్లి థెయిలిన్ చేతిలో కత్తి ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత టక్కుమని వక్క రెండు ముక్కలైంది.

ఐదు రోజుల కిందట సంత నుంచి దిగివస్తున్న వాళ్ళ పాత మిలటరీ బండికి మూడో మలుపులో బ్రేకు పడలేదు. దఫిషా మొగుడు లమ్‌లాంగ్ దాన్ని లోయ వైపు పోనివ్వకుండా కొండకేసి కొట్టాడు. బండిలో పన్నెండు మంది ఉన్నారు. పదకొండు మంది చిన్నా పెద్దా దెబ్బలతో బతికారు. బియ్యం బస్తాల మీద ఎత్తుగా కూర్చున్న రిదాలిన్ ఎగిరి రాళ్ళ మీద పడింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ప్లీనిస్‌కి ఒక్కతే కూతురు.

మా కొండల్లో ఇల్లు కూతురి చేతి మీదుగానే ముందుకు నడుస్తుంది. చిన్నకూతురే పొయ్యిని నిలబెడుతుంది, పెద్దల కర్మలు చేస్తుంది, పేరు మోస్తుంది. కొడుకులు ఎంతమంది ఉన్నా పెళ్ళాల ఇళ్ళకి వెళ్ళిపోతారు. ప్లీనిస్‌కి నలుగురు కొడుకులున్నారు. అయినా ఆ సాయంత్రం ఊళ్ళో ప్రతివాడి నోటా ఒకే మాట వినపడింది: ఆ ఇల్లు ఆరిపోయింది.

ప్లీనిస్ పరాయిది కాదు, థెయిలిన్‌కి పినతల్లి కూతురు. రెండిళ్ళదీ ఒకే వంశం. అందుకే బాన్‌రాప్ పెళ్ళాం ఇల్లు వదిలి ఐదు రోజులుగా అక్క ఇంట్లోనే ఉన్నాడు. మేనమామగా ఈ ఇంటి మంచిచెడ్డలు చూడాల్సింది అతనే.

“ఊళ్ళో ఏమంటున్నారో నీకు తెలుసా?” అన్నాడు. “తాగి నడిపాడంటున్నారు.”

“అన్నవాడి పేరు చెప్పు.”

“పేరెందుకు?”

“ఆ రోజు పొద్దుణ్ణించి ఆయన తిన్నది రెండు ఉడికిన చిలగడదుంపలు, తాగింది ఎర్ర చాయ్. మూట కట్టి పంపింది నేను. అన్నవాణ్ణి నా ముందుకొచ్చి అనమను.”

“తాగకపోతే మరి బ్రేకు ఎందుకు పోయింది? బండి వాడి చేతుల్లో ఉంది. పదేళ్ళుగా వాడే విప్పుతాడు, వాడే బిగిస్తాడు. మనం ఎవరమైనా ఒక్క నట్టు ముట్టుకున్నామా?”

దఫిషా ఇంకో ముద్ద కలిపింది.

ఆ బండిని ఊరంతా కియావ్ అనేది. ముసలమ్మ అని. ఎప్పటిదో యుద్ధంలో పుట్టింది. దఫిషా తండ్రి పెళ్ళయిన కొత్తలో మిలటరీవాళ్ళ వేలంలో కొన్నాడు. అప్పటికే అది రెండు సైన్యాలు మారిందట. తర్వాత ఇంజను రెండుసార్లు మారింది. గేరుపెట్టె ఇంకో చచ్చిన బండిలోంచి వచ్చింది. వెనక చెక్కపెట్టె ఊరి వడ్రంగి చేశాడు. మొదటి నుంచీ ఉన్నది చట్రమొక్కటే. బానెట్ మీద ఆరు పూతల రంగు కింద ఏదో పటాలం నంబరు ఎండాకాలం లేచి కనపడేది, వానాకాలం పడుకునేది. కుర్రకారు ఎవరైనా దాన్ని తన్నితే, “ఒరేయ్, మీ అవ్వకంటే పెద్దది, దండం పెట్టి ఎక్కు” అని కసిరేవారు.

వక్క, బిర్యానీ ఆకు, నారింజ, చీపురుగడ్డి కొండ మీది సంతకి, పైకి. బియ్యం, ఉప్పు, కిరసనాయిలు కిందికి. పురిటి నొప్పులు పైకి. చంటిపిల్లలు కిందికి. ముప్పై ఏళ్ళు అదే మోసింది. కొత్త బండ్లు మొదటి మలుపు చూసి వెనక్కి తిరిగేవి.

తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది.

లమ్‌లాంగ్ వచ్చాడు. వీపు మీది వెదురు గొడుగు, క్నుప్, దించి, చెయ్యి చాచి గడప లోపలి మూలకి ఆనించాడు. మోచేతుల దాకా నల్లటి బురద. నుదుటి మీద కుట్ల కింద చర్మం పసుపు రంగుకి తిరిగింది. పొద్దున్నే లేచి మలుపు దగ్గర పడి ఉన్న బండి బ్రేకు విప్పడానికి వెళ్ళాడు. దర్బారువాళ్ళే వెళ్ళమన్నారు, కారణం చెప్పమన్నారు.

లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడ్డాడు.

“ఏం తేలింది?” అన్నాడు బాన్‌రాప్.

“బ్రేకు సిలిండర్లో రబ్బర్లు. చినిగిపోయాయి.”

“ఎందుకు చినిగాయి?”

లమ్‌లాంగ్ చేతులు చూసుకున్నాడు. “పాతవి. వానలకి ముందే మార్చాల్సింది. మార్చలేదు.”

కత్తి మళ్ళీ ఆగింది. ఈసారి థెయిలిన్ దాన్ని కింద పెట్టింది.

“మార్చానన్నావుగా?” అంది.

“మారుద్దామనుకున్నా అత్తా. దొరకలేదు. సర్దుకుంటాయిలే అనుకున్నా.”

“సర్దుకుంటాయా!” ఆమె నేల మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది. అరవై రెండేళ్ళ మనిషి, ఎముకల గూడులా ఉంటుంది. “ఆ బండిని ఆయన కొన్ననాటి నుంచి ప్రతి సంతకీ నా చేత్తో నేను బ్రేక్ ఆయిల్ పోసి పంపాను. ఆయన పోయినా మానలేదు. నువ్వొచ్చాక నేను చూసుకుంటాలే అత్తా అన్నావు, అయినా మానలేదు. నా బండి, నా ఊరి మనుషులు. లోపల చచ్చిన రబ్బరు పెట్టుకుని నువ్వు నా చేత నూనె పోయించుకున్నావా? వాళ్ళని ఎక్కించుకున్నావా?”

“అవునత్తా.”

“అవునత్తా అంటాడు చూడు! రిదాలిన్ చచ్చి దేవుడింట్లో వక్క తినడానికి పోయింది. నువ్వు ఇక్కడ నిలబడి అవునత్తా అంటున్నావు.”

“అమ్మా,” అంది దఫిషా.

“నువ్వు నోరుముయ్యి.” థెయిలిన్ గోడ పట్టుకుని మళ్ళీ కూర్చుంది. “నా కళ్ళ ముందు ఉండకు. పో.”

బాన్‌రాప్ గొంతు సవరించుకున్నాడు. “గేరు బిగించడానికొచ్చి ఇంటికి అల్లుడివయ్యావు. ఎవరూ కాదనలేదు. పనిమంతుడివని నేనే మా అక్కని ఒప్పించాను. ఇవాళ దర్బారులో నా తల ఎక్కడ పెట్టుకోవాలో నువ్వే చెప్పు.”

లమ్‌లాంగ్ గడప నుంచి కదిలాడు. క్నుప్ తీసుకోకుండానే వానలోకి నడిచి ఇంటి వెనక్కి వెళ్ళాడు.

దఫిషా ఇబాని తల్లి పక్కన కూర్చోబెట్టింది. రబ్బర్లు వానలకి ముందే మారాయి. రెండు నెలల కిందట, ఆదివారం పూట. సిలిండరు మూత తను పట్టుకుంటే, అతను ఒక్కొక్కటే వేలితో తడిమి లోపల పెట్టాడు. అవి సంపాదించడానికి అతను నాలుగు రోజులు పట్నంలో తుక్కు దుకాణాలన్నీ తిరిగాడు.

*

ఇంటి వెనక రేకుల కొట్టంలో లమ్‌లాంగ్ పనిబల్ల ముందు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద మూడు నల్లటి గుండ్రటి రబ్బరు ముక్కలున్నాయి.

“ఎందుకు అబద్ధం చెప్పావు?”

“మెల్లగా.”

“ఇవి కొత్తవి. నాకు తెలుసు, నీకు తెలుసు. ఎందుకు?”

అతను ఒక ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. అమర్చిననాటి కంటే ఇప్పుడు ఒకటిన్నర రెట్లుంది. వేలితో నొక్కితే కుళ్ళిన పండులా దిగబడింది. అంచు చినిగి వేలాడుతోంది.

“వాసన చూడు.”

చూసింది. ఆమెకి ఆ వాసన కొత్త కాదు. పదేళ్ళుగా అతని చొక్కాల్లోంచి వచ్చే వాసనే.

“ఇంజన్ ఆయిల్,” అంది.

“బ్రేక్ ఆయిల్ పడాల్సిన చోట అది పడింది. సంత రోజు పొద్దున పడింది. ఎక్కేటప్పుడు తెలియలేదు. సంతలో బండి రోజంతా నిలబడింది. ఆ లోపల రబ్బరు దాన్ని తాగి తాగి ఉబ్బింది. దిగేటప్పుడు మొదటి మలుపులో చక్రాలు పట్టేస్తున్నాయేమిటా అనుకున్నా. రెండో మలుపులో చినిగింది. మూడో మలుపుకి నా కాలి కింద ఏమీ లేదు. చిన్న గేరు వెయ్యబోయాను, పళ్ళు గీరుకున్నాయి తప్ప పడలేదు. చెయ్యిబ్రేకు లాగితే పొగొచ్చింది.”

అతను అంత సేపు ఏకబిగిన మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

“ఎవరు పోశారు?” అని అడగబోయి ఆగిపోయింది దఫిషా. ఆ బండికి బ్రేక్ ఆయిల్ పోసే మనిషి ఒక్కతే ఉంది.

రేకుల మీద వాన గట్టిగా కొట్టసాగింది.

“డబ్బాలకి రంగులు వేశావుగా,” అంది చివరికి.

“వేశాను. ఎర్రది ఇంజనుకి, నీలంది బ్రేకుకి. ఆమె కళ్ళు మసకబారుతున్నాయని నాకు తెలుసు. అందుకే వేశాను. ఆ మసకలో, వాన పొద్దులో, రెండూ నల్లగానే కనపడతాయని నా బుర్రకి తట్టలేదు.”

“అమ్మకి చెప్తాను.”

“చెప్పకు.”

“ఎందుకు చెప్పకూడదు? అందరి ముందూ నిన్ను కుక్కని తరిమినట్టు తరుముతోంది. నువ్వేమో అవునత్తా, కాదత్తా!”

“దఫిషా, విను. నేను పైనుంచి వచ్చిన పరాయివాణ్ణి. నేను తప్పు చేశానంటే, ఒకడు తప్పు చేశాడు, పోయాడు అనుకుంటారు. అదే ఈ ఇల్లు చేసిందంటే? ప్లీనిస్ ఇంటిని అదే వంశం, అక్క చేతి మీదుగా ఆర్పిందంటే? అత్త ఆ మాట మోసుకుని ఎన్ని రోజులు బతుకుతుంది? నీ కూతురు రేపు ఈ ఊళ్ళో ఎవరి మొహం చూస్తుంది?”

“నాకు మొగుడు పోతాడు. అది నీకు పట్టలేదా?”

లమ్‌లాంగ్ తల వంచుకున్నాడు.

“పెద్ద త్యాగం చేస్తున్నాననుకుంటున్నావేమో,” అంది ఆమె. “నాకు కోపం వస్తోంది. నిన్ను కొట్టాలనిపిస్తోంది.”

“త్యాగం కాదు. మూత మూసేముందు వేలు ముంచి చూస్తే తెలిసిపోయేది. ప్రతి సంతకీ చూసేవాణ్ణి, ఆమెకి కనపడకుండా. ఆ రోజు ఆలస్యమైంది, జనం కేకలేస్తున్నారు, బస్తాలెత్తుతున్నాను. పోశావా అత్తా అనడిగాను. పోశాను, ఎక్కు అంది. ఎక్కాను.” అతను అరచేతులు మోకాళ్ళకి రుద్దుకున్నాడు. “నేనక్కడ చెప్పినదాంట్లో అబద్ధం రబ్బరు సంగతి ఒక్కటే. తప్పు నాదనడం అబద్ధం కాదు.”

ఆమె చేతిలోంచి ముక్క తీసుకున్నాడు. మిగతా రెండూ తీసుకున్నాడు. కొట్టం అంచుకి వెళ్ళి, కింద వక్కతోటల మీదుగా హోరుమంటున్న వాగులోకి మూడూ విసిరేశాడు.

దఫిషా అతన్ని ఆపలేదు. ఎందుకు ఆపలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించుకోవాల్సి వచ్చింది.

*

దర్బారులో ఆడవాళ్ళు కూర్చోరు. ఏం జరిగిందో బాన్‌రాప్ వచ్చి చెబితేనే తెలిసింది.

అతను వచ్చేసరికి అన్నాల వేళ దాటింది. తడిసిన కోటు విప్పి పొయ్యి మీద వేలాడదీశాడు.

“చెప్పు,” అంది థెయిలిన్.

“వాడు ఊరు వదిలిపోవాలి. మళ్ళీ అడుగు పెట్టకూడదు.” వక్క నోట్లో వేసుకుని నమలకుండా బుగ్గన పెట్టుకున్నాడు. “బండిని లేపకూడదు. తుక్కుగానైనా ఎవరూ తీసుకెళ్ళకూడదు. పడ్డచోటే పడి ఉండాలి.”

“ఎవరడిగారు అలా?”

“అందరూ. సగంమంది ఒప్పుకుంటూనే ఏడుస్తున్నారు. ఉప్పు దగ్గర్నుంచి రేపట్నుంచి వీపు మీదే మొయ్యాలి కదా. మూడు వేల మెట్లు. ముసలాళ్ళు ఎవరు పైకెళ్ళి డాక్టర్ని చూస్తారు? ఒకడు లేచి, లమ్‌లాంగ్‌ని పంపండి, బండిని ఉంచండి అన్నాడు. ఇంకొకడు, బండిని ఉంచితే దాన్ని నడిపించేది ఎవడ్రా, నీ అయ్యా అన్నాడు. కొట్టుకోబోయారు.”

“ఆయనేమన్నాడు?” అంది దఫిషా.

“ఏమంటాడు? తలవంచుకుని నిలబడ్డాడు. ముగ్గురు తిట్టారు, ఒకడు మట్టి విసిరాడు. తుడుచుకోలేదు.” బాన్‌రాప్ పొయ్యికేసి చూస్తూ అన్నాడు, “తిరిగి ఒక్క మాటన్నా నాకు సుఖంగా ఉండేదక్కా.”

లమ్‌లాంగ్ అరుగు కింద నిలబడే ఉన్నాడు. దఫిషా గొంగళి, బూట్లు, ఒక పొట్లంలో అన్నం తెచ్చి ఇచ్చింది. పానాల సంచీ కూడా తెచ్చింది. అతను దాన్ని మాత్రం తీసుకోలేదు.

“దాంతో ఏం చేస్తాను?” అన్నాడు.

“పైన ఎక్కడైనా పని దొరుకుతుంది.”

“బండి ముట్టుకోను ఇంక.”

ఇబా తలుపు పట్టుకుని నిలబడి తండ్రి బూట్లకేసి వేలు చూపించింది. సంతకి వెళ్ళేటప్పుడే అతను అవి వేసుకుంటాడు. “మిఠాయి,” అంది.

అతను వంగి పిల్ల తల నిమరబోయాడు. చేతులు మురికిగా ఉన్నాయని గుర్తొచ్చిందేమో, ఆగిపోయాడు. గుమ్మంలోంచి లోపలికి చూశాడు. థెయిలిన్ గోడ వైపు తిరిగి కూర్చుంది.

“వెళ్ళొస్తానత్తా,” అన్నాడు.

అతను మెట్ల దారి పట్టాడు. వాన కాస్త తెరిపిచ్చింది. మబ్బు కిందికి దిగి, నాలుగు మెట్లెక్కేసరికి అతన్ని మింగేసింది.

*

ఆ తర్వాత ఎంతోసేపు కాలేదు. ప్లీనిస్ వచ్చింది.

ఐదు రోజుల్లో ఆమె ఇల్లు కదలడం ఇదే మొదటిసారి. తల మీద గళ్ళ గుడ్డ కప్పుకుంది. పక్కన ఎవరూ లేరు. కొడుకుల్ని కూడా తీసుకురాలేదు.

బాన్‌రాప్ లేచి నిలబడ్డాడు. థెయిలిన్ చాప పరిచింది. వక్క, తమలపాకు, సున్నం పళ్ళెంలో పెట్టి ముందుకి జరిపింది.

ప్లీనిస్ చాప మీదికి రాలేదు. గడప మీదే కూర్చుంది. పళ్ళెం ముట్టుకోలేదు.

మా వాళ్ళ ఇళ్ళల్లో వక్క వద్దనడం అంటే మనిషిని వద్దనడమే. థెయిలిన్ చెయ్యి పళ్ళెం మీదే ఉండిపోయింది.

“పంపేశారట,” అంది ప్లీనిస్.

“పంపేశాం,” అన్నాడు బాన్‌రాప్. “ఇందాకే.”

“నేనేం వాణ్ణి పంపమనలేదు. వాడు పోతే నాకేమొస్తుంది? ఎలా జరిగిందో చెప్పమన్నాను. అంతే. మగాళ్ళంతా కూర్చుని, తీర్పు చెప్పి లేచిపోయారు. నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.”

“రబ్బర్లు పాతవిట,” అంది థెయిలిన్. “మార్చలేదట. తనే ఒప్పుకున్నాడు. ఏం చెప్పమంటావు ప్లీనిస్, నాకు నోరు రావట్లేదు. మంచివాడనుకున్నాను.”

“తాగలేదుగా?”

“లేదు.”

“అదీ అనుకున్నా. ఆ పొద్దున నేనక్కడే ఉన్నాను, పిల్లని ఎక్కించడానికి వచ్చాను కదా. వాన పడుతోంది. ఇవాళ వద్దులేవే అన్నాను. అదేమందో తెలుసా? పెద్దమ్మ నూనె పోసిందిగా అమ్మా, ఇంకేం భయం అంది.” ప్లీనిస్ గుడ్డ కొస నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తీసింది. “నువ్వు బానెట్ పక్కన ఎర్ర డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నావు. నేను కూడా చూసి, పోనీలే అనుకున్నాను.”

“నీలం డబ్బా,” అంది థెయిలిన్.

“ఏంటి?”

“బ్రేకుకి పోసేది నీలం డబ్బా.”

“ఎర్రదే. నీ చెంగు కూడా ఎర్రది. రెండూ ఒకే రంగులో ఉన్నాయని చూశాను. బాగా గుర్తు.”

“నీలందే ప్లీనిస్. ఎర్రది ఇంజనుది.”

“నాకేం తెలుసు ఏది దేనిదో? నేను చూసింది ఎర్రది.”

పొయ్యిలో తడికట్టె బుసకొట్టింది.

థెయిలిన్ మెల్లగా తల తిప్పి కూతురికేసి చూసింది. దఫిషా ఇబా జుట్టు దువ్వుతోంది. దువ్వెన పాయలోనే ఆగిపోయింది. కళ్ళు ఎత్తలేదు.

“దఫిషా.”

దఫిషా దువ్వెనని ఒక్కసారి లాగింది.

“దఫిషా, వాడు రబ్బర్లు మార్చాడా?”

దఫిషా కళ్ళలోంచి నీళ్ళు జారి ఇబా పాపిట్లో పడ్డాయి. పిల్ల తల పైకెత్తి చూసింది.

బాన్‌రాప్‌కి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక అతను కూర్చున్నచోట ఒదిగిపోయాడు, ఎవరో భుజాల మీద బస్తా పడేసినట్టు.

“అక్కా,” అన్నాడు. “ఏమీ అనకు. ఆగు.”

థెయిలిన్ ఆగలేదు. నేల మీద రెండు చేతులూ ఆనించి, గడప దాకా జరిగింది. ప్లీనిస్ కాళ్ళ ముందు కూర్చుంది.

“నేనే చెల్లీ,” అంది. “వాడు కాదు, నేను. నా చేత్తో నేనే పోశాను. కళ్ళు కనపట్టం లేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, ఎప్పుడూ చేసే పనేగా అని పోశాను. రిదాలిన్‌ని నేనే చంపాను.”

ప్లీనిస్ ఆమెని చూస్తూ ఉండిపోయింది. తిట్టలేదు, కొట్టలేదు. అసలు కదల్లేదు. కొట్టినా బాగుండేదని బాన్‌రాప్‌కి అనిపించింది.

“వాణ్ణి వెనక్కి పిలవండి,” అంది థెయిలిన్, ఎవరితోనో తెలియకుండా. “నన్ను పంపండి.”

“నిన్ను ఎక్కడికి పంపుతారు?” అంది ప్లీనిస్. గొంతులో ఏ భావమూ లేదు. “ఇల్లు నీది. ఇంటిది ఇల్లొదిలి ఎక్కడికి పోతుంది? నాకూ ఇల్లుంది. పొద్దున లేచి పొయ్యి ముట్టిస్తున్నాను. ఎందుకు ముట్టిస్తున్నానో తెలియట్లేదు. నా తర్వాత దాన్ని ఎవరు ముట్టిస్తారు?”

ఆమె చూపు థెయిలిన్ మీంచి లేచింది. గదిలోకి వెళ్ళింది. దఫిషా మీద పడి, అక్కడి నుంచి కిందికి జారి ఇబా మీద ఆగింది.

“దాన్ని నాకివ్వు,” అంది.

దఫిషా దువ్వెన కింద పడింది.

“మనది ఒకే వంశం,” అంది ప్లీనిస్. “పరాయి పిల్లని అడగట్లేదు. కూతురు లేని ఇంటికి, అదే వంశంలో పిల్లని తెచ్చి నిలబెట్టుకోవడం మన ముందువాళ్ళు చేసిందే. అడుగు మీ తమ్ముణ్ణి. తప్పేమైనా ఉందా బాన్‌రాప్?”

బాన్‌రాప్ తల అడ్డంగా ఊపాడు. తప్పు లేదనో, తనని లాగొద్దనో తెలియలేదు.

“నేను ఇంకెవరికీ చెప్పను అక్కా. దర్బారుకి చెప్పను, నా కొడుకులకి చెప్పను. పిల్లనివ్వు. నా ఇంటి పొయ్యి నిలబెట్టు. అంతే.”

“తీసుకో,” అంది థెయిలిన్.

“అమ్మా!”

“తీసుకో ప్లీనిస్. నీదే. రేపు పొద్దున వచ్చి...”

“అమ్మా, అది నా కూతురు! ఇవ్వడానికి నువ్వెవరు?”

థెయిలిన్ వెనక్కి తిరిగింది. ఆమె మొహం చూస్తే ఐదు నిమిషాల కిందట ఉన్న మనిషి కాదు. “ఇంకేమివ్వను?” అంది. “నా దగ్గర ఇంకేముంది ఇవ్వడానికి? చెప్పు. నువ్వు చిన్నదానివి. ఇంకో కూతురు పుడుతుంది.”

“ఎలా పుడుతుంది? మొగుణ్ణి ఇందాకే పంపావుగా?”

దఫిషా లేచింది. గోడకి వేలాడుతున్న పొడుగాటి గుడ్డ లాగి, ఇబాని వీపు మీదికి ఎత్తుకుని ముడివేసుకుంది. ముడి రెండుసార్లు జారింది. మూలనున్న క్నుప్ తీసుకుంది, పొద్దున లమ్‌లాంగ్ ఆనించి వదిలేసింది.

“ఎక్కడికి?” అన్నాడు బాన్‌రాప్.

“ఆయన ఇంకా మొదటి వాగు దాటి ఉండడు. బండి కొట్టుకున్నప్పటి నుంచి కాలు నొప్పిగా ఉంది ఆయనకి.”

“పిచ్చా నీకు? వెనక్కి పిలుచుకొస్తావా?”

“లేదు.”

“మరి?”

దఫిషా క్నుప్‌ని ఇబా మీదుగా కప్పుకుంది.

“ఈ ఇంటి చిన్నకూతురివి,” అన్నాడు బాన్‌రాప్. కోపంగా అనాలనుకున్నాడు, బతిమాలినట్టు వచ్చింది. “ఈ ఇంటి చిన్నకూతురు ఎప్పుడైనా మొగుడి వెనక పోయిందా? మీ అమ్మ పోయిందా? మా అమ్మ పోయిందా? నువ్వు పోతే ఈ పొయ్యి ఎవరిది?”

“అమ్మనడుగు. ఇళ్ళు నిలబెడుతోందిగా, ఇదీ నిలబెడుతుంది.”

థెయిలిన్ రెండు చేతులూ మొహానికి కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి కానీ ఏడుపు బయటికి రాలేదు.

దఫిషా తల్లి పక్కనుంచి నడిచి గుమ్మం దాకా వచ్చింది. బయట వాన మళ్ళీ అందుకుంది. మెట్ల దారి కనపడటం లేదు.

గడప మీద ప్లీనిస్ కూర్చునే ఉంది.

“లే పిన్నీ,” అంది దఫిషా. “దారివ్వు.”

ప్లీనిస్ లేవలేదు. తల కూడా ఎత్తలేదు. చెయ్యి మాత్రం చాచి, గుడ్డ మడతల్లోంచి వేలాడుతున్న ఇబా చిన్న పాదాన్ని పట్టుకుంది.